ఎంజైములు కాని ప్రొటీన్లు ఒంట్లో ఏం చేస్తాయి? ఆల్బుమిన్ తగ్గితే కాళ్లకు నీరెందుకు పడుతుంది?

ఆదోని నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా నాయనకు 58 ఏళ్లు, బరువు 60 కిలోలు. రెండు నెలలుగా కాళ్లకు నీరు పడుతోంది. రక్తపరీక్షలో టోటల్ ప్రొటీన్ 5.0, ఆల్బుమిన్ 2.3 అని వచ్చింది. ఇంటర్ బైపీసీ చదివే మా పాప 'ప్రొటీన్లంటే ఎంజైములే కదా, జేజినాయనకు అరుగుదల ఎంజైములు తగ్గినాయేమో' అంటోంది. చుట్టుపక్కలోళ్లు రోజుకు నాలుగు గుడ్లు, ప్రొటీన్ పొడి పెట్టమంటున్నారు. పెట్టొచ్చా? ఎంజైములుగా కాకుండా ప్రొటీన్లు ఇంకేం పని చేస్తాయి?"

ముందు మీ నాయన సంగతి. అది ఆగే పని కాదు. ఆల్బుమిన్ ఎంజైమ్ కాదు, అరుగుదలతో దానికి సంబంధం లేదు. ఆల్బుమిన్ 2.3కు పడిపోయి కాళ్లకు నీరు పడుతోందంటే గుడ్ల కంటే ముందు చేయించాల్సింది మూత్రపరీక్ష. మూత్రంలో ప్రొటీన్ పోతోందా లేదా తేలాకే ఏం తినాలో చెప్పగలం. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

ఇక పాప ప్రశ్న. ప్రొటీన్ ఏ పని చేసినా మూలం ఒక్కటే: తన ఆకారానికి సరిపడేదాన్ని పట్టుకోవడం. ఎంజైమ్ పట్టుకున్నదాన్ని మార్చి వదులుతుంది. మిగతా ప్రొటీన్లు మార్చవు. కొన్ని మోసుకెళ్లి ఇంకోచోట దించుతాయి. కొన్ని పట్టుకోగానే తమ ఆకారం మార్చుకుని కణం లోపలికి కబురు పంపుతాయి. కొన్ని ఒకదాన్నొకటి పట్టుకుని దారాలై, పొరలై నిలబడతాయి. ఏ ప్రొటీన్ పేరు కనబడినా "ఇది దేన్ని పట్టుకుంటుంది? పట్టుకున్నాక ఏమవుతుంది?" అని రెండు ప్రశ్నలు వేసుకోమనండి. పుస్తకంలో ఇచ్చిన పట్టిక బట్టీ పట్టే పని తప్పుతుంది.

తూకం వేసి చూసినా ఎంజైములు కానివే ఎక్కువ. 60 కిలోల మనిషిలో ప్రొటీన్ సుమారు 9, 10 కిలోలు ఉంటుంది. అందులో దాదాపు పావు వంతు కొల్లాజెన్ ఒక్కటే. 5 లీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 700 గ్రాముల పైమాటే. కండల్లోని ఆక్టిన్, మయోసిన్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఆల్బుమిన్‌ను కాలేయం రోజుకు 10 నుంచి 12 గ్రాముల దాకా తయారుచేస్తుంది. రక్తంలోకి వచ్చినదాంట్లో సగం తరిగిపోవడానికి సుమారు 20 రోజులు పడుతుంది. కాబట్టి రెండు మూడు రోజులు సరిగా తినకపోతే ఆల్బుమిన్ పడిపోదు, వారం రోజులు గుడ్లు తింటే పెరిగిపోదు. డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాములు మామూలు. సన్న రక్తనాళాల గోడల్లోంచి నీరు, ఉప్పు సులువుగా బయటికి పోతాయి, ఆల్బుమిన్ మాత్రం చాలావరకు లోపలే ఉండిపోతుంది. అలా ఉండిపోయి నీటిని నాళంలోకి వెనక్కి లాగుతుంది. ఆ లాగే ఒత్తిడి సుమారు 25 మిల్లీమీటర్ల పాదరసం, అందులో ముప్పాతిక వంతు ఆల్బుమిన్‌దే. అది 2.5 కంటే దిగిపోతే నీరు కండల మధ్య, చర్మం కింద నిలిచిపోతుంది. పగలంతా నిలబడితే కాళ్లలోకి దిగుతుంది, పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు కనబడుతుంది. ముంగాలి ఎముక మీద బొటనవేలితో 10 సెకన్లు నొక్కి తీయండి. గుంట పడి కాసేపు అలాగే ఉంటే అది నీరే.

ఇప్పుడు ఆల్బుమిన్ ఎక్కడ పోతోందన్నది చూడాలి. మూత్రపిండాల వడపోత దెబ్బతింటే మూత్రంలో పోతుంది. మూత్రం పోసినప్పుడు నురగ లేచి చాలాసేపు అణగకపోవడం దీని గుర్తు. మూత్రంలో ముంచి చూసే పట్టీ పరీక్షలో 3 ప్లస్, 4 ప్లస్ వస్తే 24 గంటల మూత్రం గానీ, పొద్దుటి మూత్రంలో ప్రొటీన్ క్రియాటినిన్ నిష్పత్తి గానీ చేస్తారు. రోజుకు 3.5 గ్రాములు దాటి పోతుంటే దాన్ని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. మధుమేహం ఉన్నవాళ్లలో ఇది తరచుగా కనబడుతుంది, షుగర్ పరీక్ష కూడా తప్పకుండా చేయించండి. రెండో కారణం కాలేయం. కాలేయం చాలాకాలంగా చెడిపోయి ఉంటే ఆల్బుమిన్ తయారీ తగ్గుతుంది, పొట్టలో కూడా నీరు చేరుతుంది. హఠాత్తుగా చెడిన కాలేయంలో మాత్రం ఆల్బుమిన్ మామూలుగానే ఉండి, పీటీ ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష) ముందు పెరుగుతుంది. రక్తం గడ్డకట్టించే ఏడో ఫ్యాక్టర్ ఆరు గంటల్లోనే సగమవుతుంది, ఆల్బుమిన్‌కు 20 రోజులు. తేడా అక్కడుంది. మూడోది దీర్ఘకాలపు ఇన్‌ఫెక్షన్, క్షయ లాంటివి. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (రోగాన్ని ఎదిరించేటప్పుడు రేగే మంట) ఉన్నప్పుడు కాలేయం సీఆర్‌పీ లాంటి ప్రొటీన్లు ఎక్కువ చేసి, ఆల్బుమిన్ తగ్గించేస్తుంది. తిండి చాలక ఒక్కదానివల్లే ఈ వయసులో 2.3కు రావడం అరుదు. గుండె బలహీనపడి కాళ్లకు నీరు పడితే ఆల్బుమిన్ సాధారణంగా ఇంతగా తగ్గదు.

రిపోర్టులోనే తప్పు ఉండొచ్చా అని కూడా చూసుకోవాలి. రక్తం తీసేటప్పుడు చేతికి బిగించే పట్టీ నిమిషానికి మించి ఉంచితే నీరు బయటికి పోయి ప్రొటీన్ అంకె ఎక్కువగా వస్తుంది. చాలాసేపు నిలబడి ఉన్నవాళ్లలోనూ, పడుకున్నప్పటితో పోలిస్తే, సుమారు 10 శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీస్తే అంకె తక్కువ వస్తుంది. మీ నాయనకు సెలైన్ పెట్టలేదంటే 2.3 నిజమే అనుకోవాలి. టోటల్ ప్రొటీన్ లోంచి ఆల్బుమిన్ తీసేస్తే మిగిలేది, అంటే గ్లోబ్యులిన్, 2.7. అది మామూలే. అదే గ్లోబ్యులిన్ 5, 6 ఉండి, నడుము నొప్పి, రక్తహీనత కలిసి ఉంటే మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) ఉందేమోనని సీరం ఎలక్ట్రోఫొరెసిస్, అంటే రక్తంలోని ప్రొటీన్లను విడదీసి చూసే పరీక్ష, చేయించాలి. మూత్రం పట్టీ ముఖ్యంగా ఆల్బుమిన్‌నే పట్టుకుంటుంది, మైలోమాలో పోయే బెన్స్ జోన్స్ ప్రొటీన్ దానికి చిక్కదు. పట్టీ నెగటివ్ వచ్చింది కదా అని ఊరుకుంటే అక్కడే పొరపాటవుతుంది.

ఆల్బుమిన్ నీటిని పట్టి ఉంచడంతో ఆగదు. కొవ్వు ఆమ్లాలు, బిలిరుబిన్, కాల్షియం, ఎన్నో మందులు దాని మీదే ప్రయాణం చేస్తాయి. రక్తంలో కాల్షియం సుమారు 40 శాతం ప్రొటీన్లకే, ముఖ్యంగా ఆల్బుమిన్‌కే, అంటుకుని ఉంటుంది. అందుకే ఆల్బుమిన్ 4 కంటే ఎంత తగ్గితే, ఆ తగ్గినదాన్ని 0.8తో గుణించి కాల్షియంకు కలుపుకోవాలి. మీ నాయన రిపోర్టులో కాల్షియం 7.6 అని ఉందనుకుందాం. 4 లోంచి 2.3 తీస్తే 1.7, దాన్ని 0.8తో గుణిస్తే 1.36. అసలు కాల్షియం దాదాపు 9. అది మామూలే, కాల్షియం మాత్రలు అక్కర్లేదు. అనుమానం తీరకపోతే అయనైజ్డ్ కాల్షియం (దేనికీ అంటుకోకుండా విడిగా తిరిగే కాల్షియం) పరీక్ష చేస్తారు. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవాళ్లలోనూ ఇదే చిక్కు. మందులో 90 శాతం ఆల్బుమిన్‌కు అంటుకునే ఉంటుంది. ఆల్బుమిన్ తగ్గితే విడిగా తిరిగే మందు భాగం పెరుగుతుంది. రక్తపరీక్షలో మొత్తం మందు అంకె సరిగ్గానే కనబడుతుంది గానీ, మనిషి తూలుతుంటాడు. పసికందుల్లో ఇది ఇంకా ప్రమాదం. కామెర్లున్న బిడ్డకు సల్ఫా మందులు గానీ సెఫ్ట్రయాక్సోన్ గానీ ఇస్తే, అవి బిలిరుబిన్‌ను ఆల్బుమిన్ మీంచి నెట్టేస్తాయి, విడిపోయిన బిలిరుబిన్ మెదడులోకి చేరుతుంది. పుట్టిన బిడ్డకు మందుల షాపులో అడిగి మందు వేయకూడదని గట్టిగా చెప్పేది ఇందుకే.

మోసే పనిలో అందరికీ తెలిసిన పేరు హిమోగ్లోబిన్. నాలుగు గొలుసులు, ఒక్కో గొలుసులో ఒక హీమ్, దాని నడుమ ఒక ఇనుము. ఒక ఆక్సిజన్ అంటుకోగానే మొత్తం ఆకారం కాస్త మారి, తర్వాతి ఆక్సిజన్ ఇంకా సులువుగా అంటుకుంటుంది. ఊపిరితిత్తుల్లో నిండుగా ఎక్కించుకుని, కండల్లో ఇట్టే దించేయడం ఈ గుణంవల్లే సాధ్యం. గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 15 గ్రాములుంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 20 మిల్లీలీటర్లు, 8 గ్రాములే ఉంటే 10.7. అయినా వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపిస్తుంది. అది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం నిండిందో చెబుతుందే తప్ప, హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పదు. 98 వచ్చింది కాబట్టి ఆయాసానికి కారణం లేదనుకోవడం తప్పు. బొగ్గుపొగ పట్టిన గదిలో ఇంకో మోసం ఉంది: కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, మామూలు ఆక్సీమీటర్ దాన్నీ ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది.

మూడు నెలల షుగర్ పరీక్ష హెచ్‌బీఏ1సీ కూడా హిమోగ్లోబిన్ మీద ఆధారపడినదే. ఎంజైమ్ సాయం లేకుండా గ్లూకోజ్ దానంతటదే హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి అన్ని రోజుల ముద్ర దాని మీద ఉంటుంది. ఇనుము లోపం ఉంటే ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ రావచ్చు, రక్తం పోయినా ఎక్కించుకున్నా తక్కువ రావచ్చు. ఇనుమును రక్తంలో మోసేది ట్రాన్స్‌ఫెరిన్, ఒక్కోటి రెండు ఇనుములు. దాచేది ఫెరిటిన్, 24 ముక్కలతో చేసిన బోలు గోళం, లోపల 4500 దాకా ఇనుములు పడతాయి. ఫెరిటిన్ 15 కంటే తక్కువుంటే ఇనుము లోపం ఖాయం. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు మాత్రం ఫెరిటిన్ పెరుగుతుంది కాబట్టి 60 వచ్చినా లోపం ఉండొచ్చు.

ఇక మన సీమలో ఎంజైమ్‌కూ, ఎంజైమ్ కాని ప్రొటీన్‌కూ తేడా ప్రాణం మీదికి వచ్చేది పాముకాటులో. శెనక్కాయ చేలల్లో, కళ్లాల్లో రాత్రిపూట జరిగే కాట్లలో ఇది స్పష్టంగా కనబడుతుంది. నాగుపాము విషంలో మనిషిని చంపేది చాలావరకు 60, 70 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. అది ఎంజైమ్ కాదు, దేన్నీ కోయదు. నరం కండరాన్ని కలిసేచోట, నరం పంపే కబురు రసాయనమైన అసిటైల్‌కోలిన్‌ను అందుకునే రిసెప్టర్ ఉంటుంది, అదీ ప్రొటీనే, ఐదు ముక్కలది. విషం వెళ్లి దాని మీద కూర్చుంటుంది. కబురు అందదు. రెప్పలు వాలతాయి, మింగడం కష్టమవుతుంది, చివరికి ఊపిరి ఆగుతుంది. రిసెప్టర్ పాడవలేదు కాబట్టి అట్రోపిన్‌తో పాటు నియోస్టిగ్మిన్ ఇచ్చి అసిటైల్‌కోలిన్ పెంచితే పోటీలో అది గెలిచే అవకాశం ఉంది. కట్లపాము విషంలో ముఖ్యమైనది బీటా బంగారోటాక్సిన్, దానికి ఫాస్ఫోలైపేజ్ ఎంజైమ్ గుణం ఉంది. అది నరం కొసను లోపలినుంచే ధ్వంసం చేస్తుంది. అక్కడ నియోస్టిగ్మిన్ పెద్దగా పనిచేయదు, నరం కొస మళ్లీ పెరిగేదాకా రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాల్సి రావచ్చు. పైకి లక్షణాలు ఒకటే, లోపల జరిగింది వేరు.

రక్తపింజర విషంలోని ఎంజైములు మన రక్తం గడ్డకట్టే ఫ్యాక్టర్లను అదేపనిగా రేపుతాయి. ఆ రేగడంలో ఫైబ్రినోజెన్ మొత్తం ఖర్చయిపోతుంది. ఫైబ్రినోజెన్ ఎంజైమ్ కాదు, త్రాంబిన్ అనే ఎంజైమ్ కోస్తే దారమై అల్లుకునే ముడి ప్రొటీన్. డెసిలీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాములు ఉండాల్సింది అడుగంటుతుంది, చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పడుతుంది. ఇది కనిపెట్టడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. కొత్త, శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల సిర రక్తం పోసి, కదపకుండా 20 నిమిషాలు గది వేడిలోనే నిలబెట్టాలి. 20 నిమిషాలకు ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డగా ట్యూబులోనే నిలిస్తే గడ్డకట్టే శక్తి ఉన్నట్టు, నీళ్లలా జారితే ఫైబ్రినోజెన్ పోయినట్టు. ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. ప్లాస్టిక్ ట్యూబు వాడితే, గాజు తాకిడి లేక, మంచి రక్తం కూడా గడ్డకట్టదు. సబ్బుతో కడిగిన పాత ట్యూబు వాడితే మిగిలిన సబ్బు గడ్డను అడ్డుకుంటుంది. మధ్యలో నాలుగైదుసార్లు వంచి చూస్తే కట్టే గడ్డ చెదిరిపోతుంది. ఊదారంగు మూత ట్యూబులో పోస్తే అసలుకే మోసం, అందులోని ఈడీటీఏ అనే రసాయనం గడ్డకట్టడానికి కావాల్సిన కాల్షియంను లాగేస్తుంది.

పాముకాటుకు ఇచ్చే విరుగుడు మందు యాంటీవీనం కూడా ఎంజైమ్ కాని ప్రొటీనే. గుర్రాలకు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలను కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలో తయారైన యాంటీబాడీలను తీసి, పెప్సిన్‌తో తోక భాగం కోసేసి శుద్ధి చేస్తారు. మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని పట్టుకుని పనిచేయనివ్వకుండా చేస్తుంది. పాము పిల్లవాణ్ణి కరిచినా పెద్దవాణ్ణి కరిచినా విషం అంతే వదులుతుంది, అందుకే మొదటి మోతాదు 8 నుంచి 10 వయల్స్ ఇద్దరికీ ఒకటే. గుర్రం ప్రొటీన్ మన ఒంటికి పరాయిది కాబట్టి దద్దుర్లు, బీపీ పడిపోవడం జరగొచ్చు, పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ తొడ కండలోకి ఇవ్వడానికి సిరంజిలో సిద్ధంగా పెట్టుకోవాలి. గాజు ట్యూబు పరీక్ష మళ్లీ 6 గంటల తర్వాతే చేస్తారు. యాంటీవీనం విషాన్ని పట్టేస్తుంది గానీ పోయిన ఫైబ్రినోజెన్‌ను తెచ్చివ్వదు, కాలేయం దాన్ని మళ్లీ చేయడానికి అంత సమయం పడుతుంది. గంటకోసారి పరీక్ష చేసి "ఇంకా గడ్డకట్టలేదు" అని వయల్ మీద వయల్ ఎక్కించడం వృథా. మంత్రం, నాటుమందు, కాటు దగ్గర కోయడం, బిగించి కట్టడం: ఇవేవీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మన ఒంట్లో యాంటీబాడీలు కూడా ఇలాగే పట్టుకుని ఆపుతాయి. వాటిలో ఐజీజీ అనే రకం ఒక్కటే తల్లి మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ముర్రుపాలల్లో ఐజీఏ అనే రకం నిండుగా ఉంటుంది, పేగు పొరను కాపాడేది అదే. ముర్రుపాలు పిండి పారబోయడం అక్కడక్కడా ఇంకా ఉంది. పుట్టిన మొదటి గంటలోనే బిడ్డ నోటికి అందాలి.

నిలబెట్టే ప్రొటీన్లలో కొల్లాజెన్ పెద్దది. మూడు గొలుసులు పగ్గంలా పెనవేసుకుని ఉంటాయి. ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ ఉండాల్సిందే, దానికంటే పెద్ద అమైనో ఆమ్లం నడుమన పట్టదు. ఒక్క గ్లైసిన్ మారినా పిల్లలకు చిన్న దెబ్బకే ఎముకలు విరిగే జబ్బు వస్తుంది. ఈ మూడు పేటల నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు, పాప తప్పక తెలుసుకోవలసిన పేర్లు. పేటలు గట్టిగా నిలవాలంటే ప్రొలీన్‌కు ఒక హైడ్రాక్సిల్ చేర్చాలి. ఆ ఎంజైమ్‌కు విటమిన్ సీ, ఇనుము కావాలి. విటమిన్ సీ లేకపోతే చిగుళ్ల రక్తం, మానిన గాయాలు మళ్లీ విచ్చుకోవడం అందుకే. ఒక జామకాయ తింటే ఆ రోజుకు సరిపడా అందుతుంది. కాళ్ల సూపు చల్లారితే గడ్డకట్టేది ఉడికి విడిపోయిన కొల్లాజెనే. తాగొచ్చు, నష్టం లేదు. కానీ అది నేరుగా మోకాలికి పోయి అతుక్కోదు, పేగులో ముక్కలవుతుంది. పైగా కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ ఉండదు, కాబట్టి దాన్ని పూర్తి ప్రొటీన్‌గా లెక్కేయకండి. కొల్లాజెన్ పొడి డబ్బాకు పెట్టే డబ్బుతో ఇంటిల్లిపాదికీ నెలంతా కందిబేడలు వస్తాయి.

కంటి కటకం నడిభాగంలోని క్రిస్టలిన్ అనే ప్రొటీన్లు పుట్టినప్పుడు వచ్చినవే చివరిదాకా ఉంటాయి, మార్చుకునే ఏర్పాటు లేదు. అవి ఏళ్ల తరబడి దెబ్బతిని ముద్దకడితే అదే శుక్లం. చుక్కల మందుతో ఆ ముద్ద విడిపోదు.

కండరంలో మయోసిన్ ఆక్టిన్‌ను పట్టి లాగుతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అంటుకుంటేనే వదులుతుంది. చనిపోయాక ఏటీపీ అయిపోయి పట్టు వదలదు, శరీరం బిగుసుకుపోతుంది. మయోసిన్ కదిలించే ప్రొటీనే అయినా ఏటీపీని విడగొట్టే ఎంజైమ్ కూడా. ఇన్సులిన్ రిసెప్టర్ కూడా అంతే, బయటి భాగం కబురు అందుకుంటుంది, లోపలి భాగం ఎంజైమ్. కాబట్టి ఎంజైములు ఒకవైపు, మిగతావి ఒకవైపు అని పాప గట్టిగా గీత గీయకూడదు. "ఎంజైములన్నీ ప్రొటీన్లే" అన్న వాక్యం కూడా పూర్తిగా నిజం కాదు. ఆర్‌ఎన్‌ఏ కూడా ఎంజైమ్ పని చేస్తుందని చూపినందుకే థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్‌లకు 1989లో నోబెల్ వచ్చింది.

గుండె కండరంలో ఆక్టిన్ మీద కూర్చుని, కాల్షియం వచ్చినప్పుడే పట్టుకోనిచ్చేది ట్రోపోనిన్. గుండెపోటులో కండరం చస్తే అది రక్తంలోకి కారుతుంది. అయితే 3, 4 గంటలు పడుతుంది. ఛాతీనొప్పి మొదలైన గంటకే పరీక్ష చేసి నెగటివ్ వచ్చిందని ఇంటికి పంపడం, పోవడం రెండూ ప్రమాదమే. కొన్ని గంటలాగి మళ్లీ చేయాలి.

కబుర్లు మోసే ప్రొటీన్లలో ఇన్సులిన్ తెలిసిందే. 51 అమైనో ఆమ్లాలు, రెండు గొలుసులు. ఆ వరుసను ఫ్రెడరిక్ శాంగర్ 1955 నాటికి పూర్తిగా విప్పారు, 1958లో నోబెల్ అందుకున్నారు. నోటితో మింగితే పేగు దీన్నీ పప్పులాగే అరిగించేస్తుంది, సూది తప్పనిది అందుకే. ఇన్సులిన్‌కు ఆకారమే ప్రాణం, మన ఎండలకు అది చెడుతుంది. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల్లో, ఫ్రిజ్ తలుపులో పెట్టాలి. గడ్డకట్టే పెట్టెకు ఆనించి పెడితే గడ్డకట్టి పాడవుతుంది, కరిగించి వాడకూడదు. వాడుతున్న సీసా 25, 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం ఇళ్లల్లో 40 దాటుతుంది. ఫ్రిజ్ లేకపోతే పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, నడుమ చిన్న మట్టికుండ దించి, సీసాను ప్లాస్టిక్ కవరులో చుట్టి అందులో పెట్టి, తడిగుడ్డ కప్పండి. గాలి ఆడే నీడలో ఉంచి ఇసుక ఆరకుండా చూసుకోవాలి. తెల్లగా ఉండే ఇన్సులిన్‌ను కుదపకుండా అరచేతుల మధ్య దొర్లించాలి. దొర్లించాక కూడా రేణువులు తేలుతున్నా, గాజుకు మంచులా అంటుకున్నా పారేయాలి. మోతాదు మారకుండా షుగర్ ఉన్నట్టుండి పెరిగితే మొదట సీసానే అనుమానించండి.

కణం గోడలో తలుపులుగా ఉండే ప్రొటీన్లలో ఒకదాని గురించి చెప్పి తీరాలి. పేగులో ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్ రెండు సోడియంలను, ఒక గ్లూకోజ్‌ను కలిపి లోపలికి తెస్తుంది, వాటి వెనకే నీరు వస్తుంది. విరేచనాల్లో కూడా ఈ ప్రొటీన్ పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్ఎస్ పనిచేసేది దీనివల్లే. లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. పెద్ద ప్యాకెట్టును పూర్తిగా లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుడు నీళ్లలో అంచనాగా కొంత పోస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం. రుచికి చక్కెర కలిపితే తలుపు పట్టనంత చక్కెర పేగులోనే మిగిలి, నీటిని బయటికి లాగి విరేచనాలు పెంచుతుంది.

ఇప్పుడు తిండి. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదు పోషకాహార సంస్థల లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోలకు 50 గ్రాములు. మన ఇళ్ల తిండిలో ఇది ఇలా వస్తుంది: సంగటికీ అన్నానికీ కలిపి 300 గ్రాముల రాగులు, బియ్యంలో 21 గ్రాములు, 60 గ్రాముల కందిబేడల్లో 13, పిడికెడు, అంటే 30 గ్రాముల శెనక్కాయ విత్తనాల్లో 7, పెద్ద గ్లాసు పాలల్లో గానీ అంత పెరుగులో గానీ 6, 7. ఇంకో గుడ్డు తింటే మరో 6. రాగులు, జొన్నల్లో లైసిన్ తక్కువ, బేడలు, ఉలవలు, అలసందల్లో అది ఎక్కువ, అందుకే సంగటికి పప్పు తోడు కావాలి. శెనక్కాయ ఊర్మిండి ఒక్కటే ఆ లోటు తీర్చదు, శెనక్కాయలోనూ లైసిన్ తక్కువే. బూజు పట్టినవి, నల్లబడినవి ఏరి పారేయండి, వాటిలోని అఫ్లటాక్సిన్ దెబ్బతీసేది ఆల్బుమిన్ చేసే కాలేయాన్నే. గుడ్డు పచ్చిగా తాగడం మంచిది కాదు. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్ విటమిన్‌ను పట్టేసుకుంటుంది, ప్రొటీన్ కూడా సగమే అరుగుతుంది. ఉడికిస్తే 90 శాతం అందుతుంది.

మీ నాయనకు ఏది పెట్టాలన్నది మూత్రపరీక్ష తేల్చాలి. మూత్రంలో పోతోందని తేలితే రోజుకు 50 నుంచి 60 గ్రాముల ప్రొటీన్ చాలు. ఎక్కువ పెడితే ఆల్బుమిన్ పెరగదు, పాడైన వడపోతలోంచి పోయేది పెరుగుతుంది. ఒక గుడ్డు పెట్టొచ్చు, నాలుగు వద్దు, పొడి అసలే వద్దు. ఉప్పు మొత్తం 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదు. ఊరగాయ, అప్పడాలు, వడియాలు మానాలి. కాలేయం చెడి ఉంటే లెక్క తిరగబడుతుంది: కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 72 నుంచి 90 గ్రాములు కావాలి, పడుకోబోయే ముందు కూడా ఏదైనా తినాలి. అక్కడ ప్రొటీన్ తగ్గిస్తే కండలు కరిగిపోతాయి. 2.3 అన్న ఒక్క అంకె చూసి చుట్టుపక్కలోళ్లు చెప్పే సలహా ఇందుకే పనికిరాదు.

ఈ వారంలోనే మూత్రంలో ప్రొటీన్ క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్, షుగర్, కొలెస్టరాల్, కాలేయ పరీక్షలు, పీటీ ఐఎన్ఆర్ చేయించి ఆ కాగితాలతో కర్నూలు పెద్దాసుపత్రిలో గానీ దగ్గర్లోని కిడ్నీ డాక్టరు దగ్గర గానీ చూపించండి. నొప్పి మాత్రలు వేయకండి, అవి మూత్రపిండాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. రోజూ పొద్దున మూత్రానికి పోయి వచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాసి పెట్టండి. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టే. ఇంకొక్కటి: మూత్రంలో ఆల్బుమిన్‌తో పాటు యాంటీత్రాంబిన్ అనే ప్రొటీన్ కూడా పోతుంది. రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా త్రాంబిన్‌ను పట్టి ఆపేది అదే. అది తగ్గితే కాలి సిరల్లో గడ్డ కట్టొచ్చు. రెండు కాళ్లు సమానంగా వాచినంతవరకు పైన చెప్పిన పరీక్షల దాకా ఆగొచ్చు. ఒక కాలే ఉన్నట్టుండి ఎక్కువ వాచి నొప్పి పుట్టినా, ఆయాసం మొదలైనా, ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోండి.